పొట్టిదైపోయిన మూర

కృత్తిక కార్తె మొదట్లో

ఈ పొద్దున నీళ్లు మింగాను. మోటారు వేశారు.

ఇన్నాళ్లూ ఈ పుస్తకంలో మింగిన రోజుకి గీత, ఉమ్మిన రోజుకి సున్న పెట్టేవాణ్ణి. నాకు వచ్చిన చదువుకి అది చాలు. ఎండలు ముదిరాయి, నీళ్లు తగ్గుతున్నాయి, ఇకమీద జరిగింది జరిగినట్టు మాటల్లో రాయమని ఊరి పెద్ద అంకమ్మరావు చెప్పాడు. రాస్తాను. తప్పులుంటే చదివేవాడే దిద్దుకోవాలి.

మా గట్టు మీద మంచినీళ్లకి దొరువు ఒక్కటే దిక్కు. ఇసకలో తవ్విన గుంట అది. వాన నీళ్లు ఇసకలోకి దిగి, అడుగునున్న ఉప్పునీళ్ల మీద తెట్టులా తేలుతుంటాయి. పైపైన తోడుకుంటే తీపి. ఆశపడి తోడితే కిందిది పైకి వస్తుంది. సముద్రం రైలుకట్ట దాటి వచ్చి గట్టుకి రెండువైపులా నిలిచిపోయాక ఆ తెట్టు పలచబడింది. అందుకని రోజూ తెల్లవారగానే దొరువు కాపరి, అంటే నేను, తిరుపాలుని, రాగి గరిటెతో అడుగు నీళ్లు తీసి నోట్లో పోసుకుంటాను. బిందెలు పట్టుకుని ఊరంతా నా గొంతు వంక చూస్తుంది. మింగితే మోటారు వేస్తారు. ఉమ్మితే ఆ రోజుకి దొరువుకి సెలవు, ఎవరి వానజాడీ మూత వాళ్లు తీసుకోవాల్సిందే.

ఈ పనికి కంప్యూటరు పెట్టెను నమ్మకూడదని మా కట్టుబాటు. దక్షిణపు గట్టువాళ్లు నమ్మారు. పెట్టె బాగుందంది కదా అని వేసవంతా తాగారు. ఆ గట్టు మీద ఇప్పుడు కొంగలు తప్ప ఎవరూ లేరు. మా పెట్టె పని మోటారు వెయ్యడం, ఆపడం, పొద్దుగూకితే దీపాలు వెలిగించడం. అంతవరకే.

ఇంట్లో కూర చప్పగా ఉంది. కోడలు దీవెన ఉప్పు మరిచినట్టుంది. అడిగితే వేశానంది. ఏడో నెల, మతిమరుపు ఉంటుంది. నేనే వేసుకున్నాను.

కృత్తిక కార్తె నడుమ

మింగాను.

దీవెనకి కాళ్లు పొంగాయి. వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోతోంది. నర్సు సలోమి వచ్చి చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. ఇంకోసారి కొట్టింది. రక్తపోటు బాగా ఎక్కిందనీ, ఇలాగే ఉంటే తల్లికీ బిడ్డకీ కూడా ప్రమాదమనీ చెప్పింది. ఎండుచేప తింటున్నావా, పచ్చడి తింటున్నావా అని ఒక్కొక్కటే అడిగింది. దీవెన అన్నిటికీ లేదంది. ఆఖరికి సలోమి ఏ నీళ్లు తాగుతున్నావని అడిగి, కోడలి వంక కాకుండా నా వంక చూసింది.

నీళ్లు నేను చూసినవే అన్నాను.

ఊళ్లో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారనీ, అందరూ గర్భిణులు కాదనీ అంది. ఎండ అన్నాను. ఎండకి కాళ్లు పొంగవంది. ఈ గట్టు మీద ఇల్లు లేనప్పటి నుంచీ దొరువు చూస్తున్నవాణ్ణి, నాకు నేర్పొద్దన్నాను. పట్టీ చుట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం దీవెన పాత తూకం మిషను ముందేసుకుని కూర్చుంది. మా వాడు మునిగిన ఊళ్ల మీదికి రాగి వేటకి పోయినప్పుడు ఏదో కొట్లోంచి తెచ్చిన సరుకు అది. వాడు మళ్లీ పడవెక్కి పోయాడు, వానలకి గాని రాడు. మా ఊరి పెట్టెను చూసుకునేది దీవెనే. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకుంది. మిషను పొట్ట కోసి ఒక చిప్పు పీకింది. నల్లగా, రెండువైపులా కాళ్లతో జెర్రి పిల్లలా ఉంది.

"పెట్టెకి ఉందా, లేదా అన్నదే తెలుసు మావయ్యా. ఎంత ఉందో తెలవదు. ఈ చిప్పు ఎంతో అంకె వేసి పెట్టెకి చెప్తది. దొరువులో ఉప్పు ఎంతుందో చూద్దాం."

"ఎంతుందో నాకు తెలుసుగా."

"మీరు మింగుతారు, లేకపోతే ఉమ్ముతారు. అదీ ఉందా లేదానేగా."

పొంగిన కాళ్లు ముక్కాలిపీట మీద పెట్టుకుని ఉన్న మనిషితో వాదనేమిటని లేచి వచ్చేశాను.

రోహిణి కార్తె మొదట్లో

మింగాను.

దీవెన తన పని పూర్తి చేసింది. చచ్చిన టార్చి సెల్లుల్లోంచి నల్ల బొగ్గు కడ్డీలు రెండు తీసి, వెదురుబద్దకి కట్టి, దొరువు అడుక్కి దించింది. ఇనపవైతే తుప్పు తినేస్తుందట. ఉప్పు ఎక్కువైతే నీళ్లలోంచి కరెంటు ఎక్కువ పారుతుంది, తక్కువైతే తక్కువ. ఆ తేడా తీగ వెంట చిప్పుకి పోతుంది. చిప్పుకి ఒకవైపు వరసగా ఉన్న ఎనిమిది కాళ్లూ ఎనిమిది చెవులట. అందులో ఒక చెవికి ఈ తీగ. అది విన్నదాన్ని సున్న నుంచి వెయ్యి చిల్లర దాకా ఒక అంకె చేసి పెట్టెకి అందిస్తుంది.

పొద్దున్నే, ఎండెక్కకముందు, వానజాడీ నీళ్లలో ముంచితే చిన్న అంకె వచ్చింది. సముద్రం నీళ్లలో ముంచితే వెయ్యి దగ్గరికి పోయింది. బిందెకి ఎంత ఉప్పు దాటితే తాగకూడదో సలోమిని అడిగి, అంత కలిపి ముంచింది. నాలుగొందలు చూపించింది. అదే హద్దు అంది.

ఆ తరవాత దొరువులోకి దించింది. మిట్టమధ్యాహ్నం, అందరూ తలుపులు మూసుకున్న వేళ. హద్దుకి కాస్త కిందే ఉంది. చూశావా అన్నాను. చూశానంది. ఆమె మొహంలో నిమ్మళం లేదు.

పొద్దుగూకింది. దీపాలు వెలిగాయి. అంకె ఒక్క ఉదుటున ఎగబాకి హద్దు దాటింది. దీవెన ఆ కాళ్లతోనే పరిగెత్తి పళ్లెం వాయించింది. జనం బెదిరిపోయి నిండు బిందెలు ఇసకలో ఒంపేశారు. తెల్లారి ఎండెక్కాక చూస్తే అంకె మళ్లీ హద్దు లోపలికి దిగి ఉంది.

రెండో రోజూ అంతే. మూడో రోజుకి ఎవరూ ఒంపలేదు. వరసలో ముందు నిలబడే కాటమ్మ నలుగురూ వినేలా అంది:

"పొద్దుగూకితే నీళ్లకి ఉప్పెక్కుతదంట. మా ఆయనకి కల్లెక్కినట్టు."

ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. దీవెన నవ్వలేదు.

రోహిణి కార్తె, ఎండ ముదిరాక

మింగాను.

చిప్పు తీసెయ్యమని అంకమ్మరావు కబురు పెట్టాడు. ఒక్క రోజు ఆగమని దీవెన అడిగింది. ఆ రోజంతా దొరువు కాడే పందిరి కింద కూర్చుని, దీపాలు ఒక్కొక్కటే వెయ్యడం, ఆర్పడం, అంకె చూడడం. మజ్జిగ తీసుకుని వెళ్లాను. చెమటతో తడిసిపోయి ఉంది గానీ దొంగని పట్టుకున్నదానిలా చూసింది.

"నీళ్లు మారలా మావయ్యా. కొలతే మారింది."

"అంటే?"

"మీరు మూరతో తాడు కొలుస్తారు. పొద్దుగూకేసరికి మీ చెయ్యి పొట్టిదైపోయిందనుకోండి. అదే తాడు ఎక్కువ మూరలొస్తది. తాడు పెరగలా, చెయ్యి కుంచించుకుపోయింది. మీ చేతికి ఆ సంగతి తెలవదు."

చిప్పుకి ఒక కాలు ఉందట, కొలతకి ఆధారం అదే. ఆ కాలికి ఎంత అందితే అంత నిండు అనుకుని మిగతాదంతా దాన్నిబట్టి లెక్క కడుతుంది. దీవెన ఆ కాలిని ఊరుమ్మడి పెద్ద బ్యాటరీకి కట్టింది. నీళ్లలో కడ్డీలకి మాత్రం వేరే చిన్న సెల్లు పెట్టింది, పెట్టె పాడవకుండా. మా ఊళ్లో దీపాలూ మోటారూ అన్నీ ఆ పెద్ద బ్యాటరీ మీదే బతుకుతాయి. ఎండ కాసేటప్పుడు అది పొంగుతుంది, దీపాలు వేస్తే కుంగుతుంది. దాంతోపాటు మూరా పొంగుతుంది, కుంగుతుంది. హద్దు చూసుకున్నది ఎండెక్కకముందు, అందుకని మధ్యాహ్నపు అంకె ఉన్నదానికంటే తక్కువ పలికింది. వేరే ఊరివాళ్లైతే ఈ తప్పు చెయ్యరు, వాళ్లకి ఇంటికో బ్యాటరీ ఉంటుంది.

ఇప్పుడు ఆ కాలిని కూడా చిన్న సెల్లుకే కట్టింది. సెల్లు కుంగితే కొలతా నీళ్లూ కలిసే కుంగుతాయి, లెక్క తేడా రాదంది. ఉప్పు నీళ్లు మళ్లీ కలిపి హద్దు మళ్లీ చూసుకుంది. అప్పుడు దొరువులోకి దించింది.

పగలు హద్దుకి పైన. దీపాలు వేశాక హద్దుకి పైన, అదే అంకె. తెల్లారి నేను వెళ్లేసరికి కూడా అదే అంకె. కదల్లేదు.

నేను గరిటె ముంచాను. నోట్లో పోసుకున్నాను. తీపి. జనం చూస్తున్నారు. మింగాను.

దీవెన పెట్టె పక్కన నిలబడి ఉంది. ఇంటికి వచ్చి ఆ పూట దొరువు నీళ్లు తాగలేదు, వానజాడీలోవి ఒక్క లోటా ముంచుకుని పొద్దంతా దాచుకుని తాగింది.

అదే కార్తె, తరవాత

మింగాను. మింగానని రాయడానికి చెయ్యి ముందులా పోవడం లేదు.

మీ చేతికి ఆ సంగతి తెలవదు అంది. నా గురించి అనలేదు. అనలేదని నాకూ తెలుసు. అయినా ముల్లులా దిగింది.

మధ్యాహ్నం తలుపు మూసుకుని లోటాతో వానజాడీ నీళ్లు తీసుకున్నాను. చిటికెడు ఉప్పు వేసి కలిపి నోట్లో పోసుకున్నాను. తీపి. ఇంకో చిటికెడు వేశాను. తీపి. డబ్బా వంచి ఇంకా కొంత పోశాను. ఏదో మందంగా తగిలింది గానీ ఉప్పు అని చెప్పలేను. పిడికిలి నిండా తీసి వేద్దామా వద్దా అని చూస్తున్నాను.

ఈలోపల దీవెన లోపలినించి వచ్చింది. దాహంగా ఉందంటూ నా చేతిలో లోటా తీసుకుని గటుక్కున తాగబోయి, గోడకి ఉమ్మింది.

"ఏంది మావయ్యా ఇది, సముద్రం నీళ్లా?"

ఉప్పు డబ్బా నా ఒళ్లోనే ఉంది. ఆమె డబ్బా చూసింది, లోటా చూసింది. తరవాత నా మొహం చూడకుండా కొంగుతో గోడ తుడిచింది. చాలాసేపు తుడిచింది. తుడవాల్సినంత లేదక్కడ.

"కూర చప్పగా ఉందని మీరంటుంటే, నా చెయ్యి పోయిందనుకున్నా" అంది.

రోహిణి చివర

నిద్ర లేదు. ఉమ్మితే ఏమవుతుందో ఊళ్లో అందరికన్నా నాకే బాగా తెలుసు. వానలకి ఇంకా టైముంది. జాడీలు సగానికి దిగాయి. మోటారు ఆగితే కూరమళ్లు రెండు రోజుల్లో మాడిపోతాయి. అంకె తప్పైతే ఊరిని ఎండబెట్టినవాణ్ణి అవుతాను. అంకె నిజమై నేను మింగితే మా ఇంట్లో మంచం మీద పడుకున్నది నా కోడలు. ఆ కడుపులో ఉన్నది మాట్లాడడానికి నోరైనా లేనిది.

తెల్లారి గరిటె ముంచాను. నోట్లో పోసుకున్నాను. తీపిగా ఉన్నాయి. ఈ చేత్తో రాస్తున్నాను, తేనెలా ఉన్నాయి.

ఉమ్మేశాను.

బిందెల చప్పుడు ఆగిపోయింది. అంకమ్మరావు జనంలోంచి ముందుకి వచ్చి, సరిగ్గా చూడు బాబాయ్ అన్నాడు. మళ్లీ ముంచి మళ్లీ ఉమ్మాను. కూరమళ్ల సంగతేమిటన్నాడు. నేను దొరువు కాపరిని, మళ్ల కాపరిని కానన్నాను. నా గొంతు గట్టిగానే వచ్చింది. మోటారు వెయ్యలేదు.

మూడు రోజులు వరసగా ఉమ్మాను. కూరమళ్లు వాలిపోయాయి. కాటమ్మ మనవడు పక్కింటి జాడీ మూత దొంగచాటుగా తీసి తాగాడని ఇద్దరు కొట్టుకున్నారు. ముసలాడికి మతి తప్పిందని ఒకరు, కోడలి చిప్పుని నిలబెట్టడానికి నాటకమని ఇంకొకరు. అంకమ్మరావు ఉత్తరపు గట్టు కాపరి మస్తానమ్మకి పడవ పంపాడు. ఆమె వచ్చి రుచి చూస్తుంది. ఆమె మింగితే నా గరిటె ఆమె వెంట వచ్చినవాళ్లలో ఎవరికో పోతుంది.

ఆమె మింగుతుందేమోనని రెండు పూటలు అన్నం సయించలేదు. ఆమె ఉమ్ముతుందేమోనని కూడా సయించలేదు. ఉమ్మిందంటే ఇన్నాళ్లూ నేను మింగించినది ఉప్పే.

మృగశిర మొదట్లో

వాన లేదు. మబ్బు కూడా లేదు.

మస్తానమ్మ వచ్చింది. నాకంటే చిన్నది, మాట తక్కువ మనిషి. గరిటె ముంచి నోట్లో పోసుకుంది. నాలుక మీద నీళ్లు ఆనాయో లేదో, ఉమ్మేసి మూతి తుడుచుకుంది.

"ఉప్పే. ఆపింది మంచిపని."

రోజుకింత చొప్పున ఎక్కిన ఉప్పు మా ఊరి నోళ్లకి అలవాటైపోయింది, బయటి నోటికి దాగలేదు. జనం నా వంక తిరిగారు. ఎవరో దణ్ణం పెట్టారు. అంకమ్మరావు నా భుజం మీద చెయ్యి వేసి, ఈ గట్టు బతికుందంటే మా బాబాయి నాలిక వల్లే అన్నాడు. పొగడ్త అంటే నాకు చేదు కాదు. ఆ పూట మాత్రం దొరువులో పడిపోతే బాగుండుననిపించింది.

ఆ ఊపులోనే అతను మస్తానమ్మతో బేరం పెట్టాడు. వాళ్ల గట్టు మీద వానజాడీలు మిగులు ఉన్నాయి. వాళ్లకి ఎప్పటినించో ఇలాంటి చిప్పు ఒకటి కావాలి. తిరుపాలు బాబాయి ఉండగా మాకు ఈ కడ్డీలెందుకు, చిప్పు మీరు తీసుకోండి, జాడీలు మాకు ఇవ్వండి అన్నాడు. నీళ్లు అన్న మాట వినగానే జనం కదిలారు. అందరికీ నచ్చింది. దీవెన పెట్టెకి చెయ్యి ఆనించి నిలబడింది. నా వంక చూడలేదు. ఆ గోడ తుడిచినప్పటిలాగే ఎటో చూస్తోంది. ఆమె చెప్పదని నాకు అర్థమైంది. నన్ను నలుగురిలో దించడం కంటే చిప్పు పోగొట్టుకోవడమే నయమనుకుంది.

ఊళ్లోవాళ్లు చిప్పు ఇచ్చేసి నా నోటిని నమ్ముకుని వచ్చే వేసవి దాకా తాగుతారు. నేను మింగుతూనే ఉంటాను.

"ఆ చిప్పు ఇయ్యొద్దు" అన్నాను. "నాకు ఉప్పు తెలవడం లేదు."

అంకమ్మరావుకి వినబడలేదనుకుని మళ్లీ చెప్పాను.

"మరి ఉమ్మావు గందా బాబాయ్."

"అంకె చూసి ఉమ్మాను. ఉమ్మిన రోజు కూడా నా నోటికి తీపే."

"ఎప్పటినించి తెలవడం లేదు?" అని కాటమ్మ అడిగింది. ఆమె మనవడి మొహం కూడా ఉబ్బి ఉంటోందని సలోమి ఆమెతో చెప్పిందట. నాకు తరవాత తెలిసింది.

"అదే తెలవదు. పోయిన సంగతి పోయిన నాలిక చెప్పదు."

కాటమ్మ వరసలోంచి బయటికి వచ్చి నా కాళ్ల ముందు ఉమ్మింది. ఆమె నోట్లో నీళ్లు లేవు.

గరిటె అంకమ్మరావు చేతిలో పెట్టాను. తీసుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక దాన్ని అటూ ఇటూ తిప్పాడు. అప్పుడు దీవెన మస్తానమ్మని పిలిచింది. చిప్పుకి ఎనిమిది చెవులున్నాయనీ, మేం వాడేది ఒకటేననీ చెప్పింది. మీ దొరువు నీళ్లు రోజూ పడవలో ఒక సీసా పంపండి, ఇంకో జత కడ్డీలు కడతాను, మీ అంకె కూడా చూసి చెప్తాను, బదులు జాడీలు ఇవ్వండి అంది. మస్తానమ్మ చిప్పు వంకా, నా వంకా చూసింది. తన నాలుకతో పెదవి తడుపుకుంది. సరేనంది.

మృగశిర, ఇంకా వాన లేదు

ఇవాళ మింగలేదు, ఉమ్మలేదు. పుస్తకం మాత్రం నన్నే రాయమన్నాడు అంకమ్మరావు. మాటల్లో రాసేవాడు ఇంకెవరూ లేరట.

అంకె ఇంకా హద్దుకి పైనే ఉంది. మోటారు ఆపాక కొద్దికొద్దిగా దిగుతోంది. కూరమళ్లు పోయాయి. ఉత్తరపు గట్టు నుంచి జాడీల పడవ ఒకటి వచ్చింది. సలోమి పొద్దుటే వచ్చి దీవెనకి గాలి పట్టీ చుట్టింది. తగ్గిందా అంటే, తగ్గలేదు గానీ పెరగలేదంది. పెరగకపోవడం కూడా ఒక మాటే అని కూర్చున్నాను. వరసలో ఎవరూ నాతో మాట్లాడలేదు. కాటమ్మ మనవణ్ణి చంకనేసుకుని అంకె చూడడానికి వచ్చి, చదవడం రాక నిలబడిపోయింది. చదివి చెప్పాను. మొహం తిప్పుకునే విన్నది గానీ మొత్తం విన్నది.

రాత్రి అన్నానికి దీవెన వంకాయ కూర వండింది. నోట్లో పెట్టుకున్నాను. గడ్డి నమిలినట్టుంది. అలవాటుగా చెయ్యి ఉప్పు డబ్బా వైపు పోయింది. అది ఉండాల్సిన చోట లేదు. దీవెన తన వెనక పెట్టుకుంది.

"సరిపోయింది మావయ్యా" అంది. "నేను చూశా."

ఆమె చూసిందంటే సరిపోయినట్టే. ఇంకో ముద్ద కలుపుకున్నాను.